ఎవరికి ఏ సీసా? ఇంటి వంటను కానుకగా పంపే ముందు

రెండేళ్ళ కిందట సంక్రాంతికి ఆఫీసులో ఎనిమిది మంది స్నేహితులకు నా చేత్తో చేసింది ఏదైనా ఇవ్వాలనిపించింది. అరిసెలు, జంతికలు అందరూ ఇచ్చేవే కదా, కొత్తగా ఉండాలనుకున్నాను. వెల్లుల్లి రెబ్బలు పొట్టు తీసి, ఆలివ్ నూనెలో సన్నని సెగ మీద మెత్తబడేదాకా ఉంచి, రెండేసి ఎండుమిరపకాయలు వేసి చిన్న గాజు సీసాల్లో నింపాను. మూతలకు రంగు దారం కట్టాను. "బయటే పెట్టుకోండి, నెల రోజులు ఉంటుంది" అని ధీమాగా చెప్పి మరీ పంచాను.

మూడో రోజు రాత్రి వేరే వ్యాసం కోసం ఆహార భద్రత గురించి చదువుతుంటే నా వంటకమే ఎదురైంది, ప్రమాదకరమైన వాటి జాబితాలో. ఆ రాత్రే ఎనిమిది మందికీ ఫోన్ చేసి సీసా పారేయమన్నాను. ఒకతను అప్పటికే సగం సీసా ఖాళీ చేశాడు. అదృష్టం బాగుండి అతనికేమీ కాలేదు. కానీ భౌతికశాస్త్రంలో ఎంఎస్సీ చేసి, సైన్స్ వార్తలు రాస్తూ బతికే నాకు ఆ వారమంతా నిద్ర సరిగా పట్టలేదు.

ఇంటి వంటను మనం తింటే ఒక లెక్క, పంపిస్తే ఇంకో లెక్క. మన ఇంట్లో సీసా ఎప్పుడు తెరిచామో, ఎక్కడ పెట్టామో మనకు తెలుసు. అవతలివాళ్ళకు తెలియదు. వాళ్ళ ఒంటి సంగతులు మనకు తెలియవు. ఈ రెండు తెలియనితనాల మధ్య ఆ సీసా రోజులు గడపాలి.

వెల్లుల్లి నూనెలో ఏముంది?

మట్టిలో ఉండే క్లాస్ట్రీడియం బోట్యులినం అనే బ్యాక్టీరియా పరిస్థితులు అనుకూలించనప్పుడు గట్టి పెంకులాంటి బీజరూపంలోకి మారుతుంది. వీటిని స్పోర్‌లు అంటారు. వెల్లుల్లి నేలలో పెరిగేది కనుక వాటి పొరల మధ్య ఈ స్పోర్‌లు ఉండే అవకాశం ఉంది. మామూలుగా వాటితో పేచీ లేదు, మనం రోజూ తింటూనే ఉంటాం. అవి మొలకెత్తి, పెరిగి, విషాన్ని తయారు చేయాలంటే నాలుగు కావాలి. గాలి తగలకూడదు. పులుపు తక్కువగా ఉండాలి, అంటే పీహెచ్ 4.6 కంటే ఎక్కువ ఉండాలి. తగినంత నీరు అందాలి. గది వెచ్చదనం ఉండాలి. నేను చేసిన సీసా ఈ నాలుగింటినీ పువ్వుల్లో పెట్టి అందించింది. నూనె గాలిని అడ్డుకుంది. వెల్లుల్లిలో పులుపు లేదు. రెబ్బ లోపల నీరుంది. ఇక "బయటే పెట్టుకోండి" అన్నది నేనే.

మరి సెగ మీద ఉడికింది కదా అంటారా? ఇక్కడే చిన్న భౌతికశాస్త్రం ఉంది. నూనె 100 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కినా, రెబ్బ లోపల నీరు ఉన్నంతసేపూ అక్కడి ఉష్ణోగ్రత నీటి మరుగు స్థానం దగ్గరే ఆగిపోతుంది. ఆ వేడికి బ్యాక్టీరియా చస్తుంది కానీ స్పోర్ చావదు. డబ్బా ఆహారాల పరిశ్రమలో వీటిని చంపడానికి 121 డిగ్రీల దగ్గర సుమారు 3 నిమిషాలు వేడి చేస్తారు. నా సన్నని సెగ చేసిందల్లా పోటీగా ఉన్న మిగతా సూక్ష్మజీవులను చంపి స్పోర్‌లకు దారి సుగమం చేయడమే.

1985లో కెనడాలోని వాంకూవర్‌లో ఒక రెస్టారెంట్‌లో తిన్న 36 మందికి బోట్యులిజం వచ్చింది. కారణం నూనెలో నిల్వ చేసి, ఫ్రిజ్‌లో పెట్టకుండా ఉంచిన వెల్లుల్లి తరుగు. ఈ విషం నరాల నుంచి కండరాలకు వెళ్ళే సంకేతాలను ఆపేస్తుంది. చూపు రెండుగా కనిపించడం, మాట ముద్దగా రావడం, చివరికి ఊపిరి తీసే కండరాలు పనిచేయకపోవడం దాని లక్షణాలు. విషం ఉన్న ఆహారం రుచిలోనూ వాసనలోనూ తేడా ఏమీ చూపకపోవచ్చు. వెల్లుల్లి నూనె చేసుకుంటే ఫ్రిజ్‌లో ఉంచి మూడు నాలుగు రోజుల్లో వాడేయాలి. అంటే అది ఇంట్లో చేసుకుని తినేదే తప్ప కానుకగా పంపే సరుకు కాదు.

మరి వెల్లుల్లి ఆవకాయ?

ఈ కథ చెబితే తెలుగువాళ్ళెవరైనా అడిగే మొదటి ప్రశ్న ఇది. మా అమ్మ కూడా అడిగింది. "తరతరాలుగా వెల్లుల్లి వేసి, నూనె పోసి జాడీల్లో పెడుతున్నాం, ఎవరికేమైందే?"

న్యాయమైన ప్రశ్నే. అదే వెల్లుల్లి, అదే నూనె. తేడా అంతా మామిడిముక్కలో, ఉప్పులో ఉంది. పచ్చిమామిడి పీహెచ్ సుమారు 3 ఉంటుంది. ఉప్పు తగలగానే ముక్కలోని పుల్లటి నీరు బయటికి వస్తుంది. దాన్నే మనం ఊట అంటాం. మూడో రోజు తిరగకలిపితే ఆ పులుపూ ఉప్పూ జాడీలో అన్ని మూలలకూ చేరతాయి, వెల్లుల్లి రెబ్బల్లోకీ ఇంకుతాయి. పీహెచ్ 4.6 కిందికి దిగిందంటే బోట్యులినం స్పోర్ మొలకెత్తలేదు. పైగా ఆవపిండి తడి తగిలినప్పుడు దానిలోని ఎంజైము ఘాటైన అల్లైల్ ఐసోథయోసయనేట్‌ను విడుదల చేస్తుంది. అది కూడా సూక్ష్మజీవులకు గిట్టదు. నువ్వులనూనె పైన తేలి బూజుకు గాలి అందకుండా చేస్తుంది. ఆ నూనెలోని సెసమోల్ వంటి సహజ పదార్థాలు అది త్వరగా కమరకుండా కాపాడతాయి.

ఒక్కొక్కటిగా చూస్తే వీటిలో ఏదీ పూర్తి రక్షణ కాదు. అన్నీ కలిస్తే హర్డిల్స్ పరుగులా ఉంటుంది. సూక్ష్మజీవి ఒక అడ్డం దాటినా రెండోదాని దగ్గరో మూడోదాని దగ్గరో పడిపోతుంది. ఆహార నిల్వలో ఈ ఆలోచనకు హర్డిల్ టెక్నాలజీ అనే పేరుంది. జర్మనీ శాస్త్రవేత్త లోథర్ లైస్ట్నర్ దీన్ని శాస్త్రీయంగా అభివృద్ధి చేశారు. మన అమ్మమ్మలకు ఆ పేరు తెలియదు కానీ పని తెలుసు.

ఎంత నీరుందని కాదు, ఎంత స్వేచ్ఛగా ఉందని

పీహెచ్ తర్వాత ఇంకో సంఖ్య ఉంది. నాకైతే అదే ఎక్కువ ఇష్టం, ఎందుకంటే అది నేరుగా భౌతికశాస్త్రం నుంచి వచ్చింది. దానిని వాటర్ యాక్టివిటీ అంటారు. తెలుగులో నీటి చురుకుదనం అనుకోవచ్చు. ఒక పదార్థం పైన నిలిచే నీటి ఆవిరి పీడనాన్ని, అదే ఉష్ణోగ్రతలో స్వచ్ఛమైన నీటిపై ఉండే ఆవిరి పీడనంతో భాగిస్తే వచ్చే సంఖ్య ఇది. స్వచ్ఛమైన నీటికి 1, ఎముకలా ఎండినదానికి 0 దగ్గర. ఉప్పు, చక్కెర నీటి అణువులను పట్టి ఉంచుతాయి. పదార్థంలో నీరున్నా సూక్ష్మజీవికి అందదు. ఉప్పుతో పూర్తిగా సంతృప్తమైన ద్రావణం విలువ సుమారు 0.75. ఈ విలువ ఎంత స్థిరమంటే, గాలిలో తేమను కొలిచే పరికరం సరిగా ఉందో లేదో చూడటానికి దాన్ని తడి ఉప్పుతో పాటు మూసిన డబ్బాలో పెట్టి 75 శాతం చూపిస్తోందా అని పరీక్షిస్తారు.

సూక్ష్మజీవుల పెరుగుదలకు ఈ సంఖ్యే కీలకమని ఆస్ట్రేలియా శాస్త్రవేత్త డబ్ల్యూ.జె. స్కాట్ 1950లలో చూపించారు. చాలా బ్యాక్టీరియా 0.91 కింద పెరగవు. చీముగడ్డలకూ కొన్ని రకాల ఫుడ్ పాయిజనింగ్‌కూ కారణమైన స్టెఫిలోకాకస్ మొండిది, 0.86 దాకా నెట్టుకొస్తుంది. మామూలు బూజులు 0.80 దాకా పెరుగుతాయి. 0.60 కిందికి వెళ్తే దాదాపు ఏదీ పెరగదు. బాగా వేయించి కొట్టిన కందిపొడి, కరివేపాకు కారం, సున్నుండలు ఆ గీత కిందే ఉంటాయి. హాస్టల్‌లో ఫ్రిజ్ లేని పిల్లలకు పొడులే పంపమనడం అందుకే.

అయితే ఆ గీత సీసా మొత్తానికీ ఒకేలా ఉండదు. వేడివేడి పొడిని సీసాలో పోసి వెంటనే మూత పెడితే ఆవిరి మూతకు అంటి, చల్లారాక బొట్లుగా పొడి మీద పడుతుంది. ఆ బొట్టు పడ్డ చోట విలువ ఒక్కసారిగా 0.9 దాటిపోతుంది. బూజుకు ఆ ఒక్క చోటు చాలు. పూర్తిగా చల్లారేదాకా పళ్ళెంలో ఆరబెట్టాల్సిందే. తడి చెంచా ఊరగాయలో పెట్టొద్దనడం కూడా ఈ లెక్కే.

సారె బుట్టలో జరిగేది

సారెలో అరిసెలు, లడ్డూలు, జంతికలు, చలిమిడి అన్నీ పక్కపక్కనే పెడతారు. ఇప్పుడు వాటన్నిటినీ ఒకే పెద్ద డబ్బాలో అందంగా అమర్చి ఇచ్చే ఫ్యాషన్ వచ్చింది. చూడటానికి బాగుంటుంది. రెండు రోజుల తర్వాత జంతికలు మెత్తగా, అరిసెలు గట్టిగా అవుతాయి. నీరు ఎప్పుడూ నీటి చురుకుదనం ఎక్కువ ఉన్న వైపు నుంచి తక్కువ ఉన్న వైపుకు వెళ్తుంది. డబ్బా లోపలి గాలే దానికి దారి. రెండూ సమానమయ్యేదాకా ఆగదు.

జంతిక కరకరలాడటానికి కారణం దానిలోని పిండిపదార్థం గాజులాంటి స్థితిలో ఉండటం. గాజు వంగదు, విరుగుతుంది. ఆ విరిగే చప్పుడే మనకు కరకర. కొంచెం నీరు చేరితే అణువులు ఒకదానిపై ఒకటి జారడం మొదలుపెడతాయి, గాజు రబ్బరులా మారుతుంది. విశాఖ, కాకినాడ లాంటి తీర పట్టణాల్లో మూత తెరిచి ఉంచిన జంతికలు గంటల్లో మెత్తబడతాయి. కనుక ఒకే బుట్టలో ఇవ్వండి, కానీ వేర్వేరు గాలి చొరని డబ్బాల్లో.

అరిసెలది ఇంకో కథ. అవి గట్టిపడటానికి కొంత నీరు పోవడం కారణమైతే, మిగతాది బియ్యప్పిండిలోని స్టార్చ్ అణువులు చల్లారాక మళ్ళీ క్రమంగా పేర్చుకోవడం. ఈ పేర్చుకోవడం ఫ్రిజ్ చల్లదనంలో ఇంకా వేగంగా జరుగుతుంది. పళ్ళు లేని తాతగారికి అరిసెలు పంపితే ఫ్రిజ్‌లో పెట్టొద్దని చెప్పండి. తినే ముందు ఇడ్లీపాత్రలో ఒక నిమిషం ఆవిరి పట్టిస్తే ఆ పేరిక చాలావరకు కరిగి మెత్తబడతాయి. పక్షవాతం వచ్చి మింగడం కష్టమైన పెద్దవాళ్ళుంటే మాత్రం సున్నుండలు, పొడులు వద్దు. పొడిపొడిగా ఉండేది గొంతులో అడ్డుపడుతుంది, ఊపిరితిత్తుల్లోకి వెళ్ళే ప్రమాదం కూడా ఉంది.

ఉప్పు తగ్గిస్తే సరిపోదా?

బీపీ ఉన్న మామయ్యకు ఉప్పు తగ్గించి ఆవకాయ పెట్టి పంపడం ప్రేమతో చేసే పనే. కానీ ఊరగాయలో ఉప్పు రుచి కోసం మాత్రమే లేదు, పైన చెప్పిన అడ్డంకుల్లో అదొకటి. దాన్ని తీసేస్తే మిగతావాటి మీద బరువు పడుతుంది. మామిడి పులుపు వల్ల బోట్యులిజం భయం తక్కువే అయినా బూజు, పులియడం త్వరగా వస్తాయి. అలాంటి ఊరగాయను కొద్దిగా పెట్టి, ఫ్రిజ్‌లోనే ఉంచి, తొందరగా తినేయాలి. కొరియర్‌లో మూడు రోజులు ఎండలో తిరగడానికి అది పనికిరాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పెద్దవాళ్ళకు రోజుకు ఉప్పు 5 గ్రాముల లోపు ఉండాలి. ఊరగాయలో ఉప్పు 10 శాతం అనుకుంటే, 15 గ్రాముల ముక్కా పిండీ వేసుకున్నా ఒకటిన్నర గ్రాముల ఉప్పు పోయినట్టే. మామయ్య అంతటితో ఆగరని మనకు తెలుసు. ఆయనకు కానుకగా పొడి మంచిది. పొడి నిలవుండేది తడి లేకపోవడం వల్ల, ఉప్పు వల్ల కాదు. కనుక అందులో ఉప్పు సగానికి తగ్గించినా, అసలు వేయకపోయినా అది చెడిపోదు. చింతపండు, జీలకర్ర, వెల్లుల్లి కాస్త ఎక్కువ వేస్తే నాలుక పెద్దగా పట్టించుకోదు కూడా. ఆయన రక్తం పలచబడటానికి వార్ఫారిన్ వాడుతుంటే ఆకుల పొడులు కొత్తగా ఎక్కువ తినడం మొదలుపెట్టే ముందు డాక్టరును అడగమనండి. ఆకుకూరల్లో ఉండే విటమిన్ కె ఆ మందు ప్రభావాన్ని తగ్గిస్తుంది.

తీపి విషయంలోనూ ఇదే చిక్కు. షుగర్ ఉన్నవాళ్ళకు పంచదార బదులు బెల్లంతో చేశాం అని సంతోషపడతాం. బెల్లంలో ఎక్కువ భాగం సుక్రోజే, అంటే పంచదారలో ఉండేదే. రక్తంలో గ్లూకోజు పెరగడంలో చెప్పుకోదగ్గ తేడా ఉండదు. పోనీ తీపి తగ్గించి చేద్దామంటే అరిసె పాకం నిలవదు, నీటి చురుకుదనం పెరిగి త్వరగా బూజు పడుతుంది. వాళ్ళకు తీపి కానుకే ఎందుకు? మంచి వేరుశెనగ కారప్పొడి, అవిసెగింజల పొడి ఇవ్వొచ్చు. అవిసె నూనె గాలికి చాలా త్వరగా కమురుతుంది కనుక చిన్న సీసాలో, రెండు వారాలకు సరిపడా చాలు. వేరుశెనగలు ఏరేటప్పుడు ముడుచుకున్నవీ, రంగు మారినవీ, బూజు పట్టినవీ నిర్దాక్షిణ్యంగా పారేయండి. వాటిలో ఉండే అఫ్లటాక్సిన్ వేయించినా పూర్తిగా పోదు.

పసిపిల్లలున్న ఇల్లు, నువ్వులు పడని ఇల్లు

పురిటింటికి తేనె సీసా తీసుకెళ్ళే అలవాటు ఉంది. పుట్టిన బిడ్డ నాలుకకు తేనె రాసే అలవాటూ ఉంది. తేనె నీటి చురుకుదనం 0.6 దగ్గర ఉంటుంది కనుక అందులో ఏదీ పెరగదు. కానీ బోట్యులినం స్పోర్‌లు నిద్రపోతూ ఉండగలవు. పెద్దవాళ్ళ పేగుల్లో మిగతా బ్యాక్టీరియా వాటిని మొలకెత్తనివ్వదు. ఏడాది నిండని పాప పేగుల్లో ఆ కాపలా ఇంకా ఏర్పడదు. అందుకే 12 నెలలు నిండేదాకా తేనె చుక్క కూడా వద్దని వైద్యులు చెబుతారు. తేనె కలిపిన మందులు, లేహ్యాలు బాలింత తినొచ్చు, బిడ్డ నోటికి రాయకూడదు. ఆ ఇంటికి తేనె ఇస్తే ఈ మాట కూడా చెప్పి ఇవ్వండి. చెప్పడానికి మొహమాటంగా ఉంటే వేరే కానుక ఇవ్వండి.

అమెరికాలో ఉన్న అక్కయ్య పిల్లాడికి నువ్వులు పడవనుకోండి. ఇక్కడ నువ్వుండ చేయకపోతే చాలదు. జంతికల్లో నువ్వులుంటాయి, అరిసెల మీద అద్దుతాం, ఆవకాయలో నువ్వులనూనె. అదే మిక్సీ జారులో కందిపొడి కొట్టినా ప్రమాదమే. అమెరికాలో 2023 జనవరి నుంచి ప్యాకేజీ ఆహారం మీద నువ్వులను అలర్జీ కారకంగా తప్పనిసరిగా చూపించాలి. మన ఇంటి డబ్బా మీద మాత్రం ఏమీ ఉండదు. కానుక మీద "ఇందులో ఫలానావి ఉన్నాయి" అని రాస్తే మర్యాదగా ఉండదని కొందరనుకుంటారు. నాకు ఆ మర్యాద అర్థం కాదు. పేరు, చేసిన తేదీ, వేసిన దినుసులు, ఎక్కడ పెట్టాలి, ఎన్నాళ్ళలో తినాలి అని చిన్న చీటీ అంటిస్తే అవతలివాళ్ళు పదిసార్లు ఫోన్ చేసే పని తప్పుతుంది.

విమానంలో వెళ్ళే ఊరగాయ గురించి ఒక మాట. ఎగిరేటప్పుడు లోపలి గాలి పీడనం నేల మీది దానిలో సుమారు ముప్పావు వంతుకు తగ్గుతుంది. సీసాలో మిగిలిన గాలి మూడో వంతు దాకా వ్యాకోచించాలని చూస్తుంది, మూత దగ్గర నూనెను బయటికి తోస్తుంది. వేడికి నూనె కూడా ఉబ్బుతుంది. లీటరు నూనె 20 డిగ్రీలు వేడెక్కితే సుమారు 14 మిల్లీలీటర్లు పెరుగుతుంది. కనుక అంచుదాకా నింపకూడదు, మరీ ఖాళీగానూ వదలకూడదు. వేలెడంత చోటు వదిలి, మూత మీద టేపు చుట్టి, రెండు కవర్లలో పెట్టి చెక్-ఇన్ సామానులో వేయడమే. ఇంత చేసినా చీర మీద మరక పడదని నేను హామీ ఇవ్వలేను.

పిన్నికి ఏం పంపాం

కిందటి వేసవిలో మా అమ్మ మాగాయ పెట్టబోతూ దుకాణం నుంచి "లో సోడియం" అని రాసున్న ఉప్పు ప్యాకెట్లు తెచ్చింది. కిడ్నీ జబ్బుతో ఉన్న పిన్ని కోసం ప్రత్యేకంగా ఆ ఉప్పుతో చేస్తానంది. ప్యాకెట్ తిప్పి చూస్తే అందులో కొంత భాగం సోడియం క్లోరైడ్ బదులు పొటాషియం క్లోరైడ్. ఊరగాయ నిలవకు అదీ పనిచేస్తుంది. నీటి చురుకుదనాన్ని తగ్గించేది ద్రావణంలోని కణాల సంఖ్యే కనుక సోడియమో పొటాషియమో ఊరగాయకు పెద్ద తేడా లేదు. పిన్నికి ఉంది. ఆరోగ్యంగా ఉన్న మూత్రపిండాలు ఎక్కువైన పొటాషియంను బయటికి పంపేస్తాయి. దెబ్బతిన్నవి పంపలేవు. అది రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో ఇలాంటి ఉప్పును సాధారణ పెద్దవాళ్ళకు సూచిస్తూనే, మూత్రపిండాల సమస్య ఉన్నవారిని, గర్భిణులను, పిల్లలను ఆ సూచన నుంచి మినహాయించింది.

అమ్మ మొహం పాలిపోయింది. "మరి దానికి ఏం పంపను? అన్నీ వద్దంటే ఎట్లా?" అంది. నాకూ వెంటనే తట్టలేదు. పొడులా? పప్పులు, గింజల్లో పొటాషియం, ఫాస్ఫరస్ రెండూ ఎక్కువే. బెల్లం మిఠాయిలా? బెల్లంలోనూ పొటాషియం ఉంటుంది. చివరికి పిన్నికే ఫోన్ చేసి అడిగాం. ఆవిడ నవ్వి, డైటీషియన్ రాసిచ్చిన కాగితం ఫొటో పంపింది. ఆవిడకు షుగర్ లేదు. అన్నం, పంచదార, కొద్దిగా నెయ్యి తినొచ్చని అందులో ఉంది.

ఆత్రేయపురం నుంచి రేకులు తెప్పించి, ఇంట్లోనే నెయ్యి రాసి, పంచదార పొడి చల్లి పూతరేకులు చుట్టాం. బియ్యపు పొర, పంచదార, నెయ్యి, అంతే. ఉప్పు లేదు, పప్పు లేదు, జీడిపప్పు కూడా వేయలేదు. బెల్లంతో చేస్తే అందులోని గ్లూకోజు, ఫ్రక్టోజు గాలిలో తేమను లాక్కుని రేకులు త్వరగా మెత్తబడతాయి. పంచదారతో చేస్తే ఇంకొన్నాళ్ళు పెళుసుగా ఉంటాయి. ఇద్దరికీ ఒకేసారి లాభించిన వంటకం దొరకడం అరుదు. ఒక్కొక్కటీ విడిగా కాగితంలో చుట్టి, గాలి చొరని డబ్బాలో పది పెట్టి, చీటీ రాసి అంటించాం. చీటీ అమ్మే రాసింది. దినుసుల కింద "రోజుకు ఒకటే, కాగితంలో ఉన్నట్టు" అని కూడా చేర్చింది.

నాలుగో రోజు పిన్ని ఫోన్ చేసింది, డబ్బా ఖాళీ అయిందట. రోజుకు ఒకటే తిన్నానని, మిగతావి బాబాయి తిన్నాడని చెప్పింది.